ఊడ్పుల చేలో సూది

కొవ్వూరు దగ్గర, మన ఇంటి నుంచి
3-11-2003, సోమవారం

చిరంజీవి సాయిదుర్గకు నాన్న దీవించి రాస్తున్న సంగతులు.

ఇక్కడ మామ్మ, అమ్మ, నేను కులాసా. హాస్టల్లో నువ్వూ కులాసాగా ఉన్నావని, వేళకింత తింటున్నావని అనుకుంటున్నాం. నీ ఉత్తరం అంది వారం దాటిపోయింది. వెంటనే జవాబు రాయలేదని కోప్పడకు. రాయకపోవడమంటూ ఏమీ లేదు, మొదలుపెట్టడం, చింపెయ్యడం అవుతోంది. ఈసారి చింపనని అనుకుని కూర్చున్నాను.

మామ్మ కన్ను సంగతి అడిగావు. శుక్లం తీసిన కన్ను బాగా కుదిరింది. బియ్యంలో రాళ్ళు తనే ఏరతానని చేట లాక్కుంటోంది. అరుగు మీద కూర్చుని వీధిలో వెళ్ళే ఆడవాళ్ళ చీర అంచులు ఏ రంగో చెబుతోంది. గేదె ఈనింది, పెయ్యదూడ. నుదుటి మీద తెల్లమచ్చ ఉంది. నువ్వొచ్చేదాకా దానికి పేరు పెట్టడానికి వీల్లేదని మామ్మ ఆర్డరు వేసింది. నీతో టెన్తు చదివిన శ్రీదుర్గకి తణుకు సంబంధం కుదిరింది. శుభలేఖ వేయించాక నీకు పోస్టులో పంపుతారట. చేలు బాగానే పండాయి. దోమపోటు మన వైపుకి రాలేదు. కార్తీకం వెళ్ళేలోపు కోతలు మొదలవుతాయి.

నువ్వు అడిగినవాటిలో రెండింటికి మాత్రం ఇంకా జవాబు రాయలేదు. దసరా సెలవులకి ఎందుకు రావద్దన్నారని అడిగావు. అమ్మ ఫోను దగ్గరికి ఎందుకు రావడం లేదు, నా మీద కోపమా అని అడిగావు. రెండింటికీ జవాబు ఒక్కటే. అది రాయడానికే ఇంతసేపూ గేదె గురించీ దూడ గురించీ రాస్తున్నాను.

నీ ఉత్తరం మీ అమ్మకి పైకి చదివి వినిపించాను. వార్డు డ్యూటీలు మొదలయ్యాయని రాశావు. ఇంజక్షను చేశాక సూదికి మళ్ళీ మూత పెట్టకూడదని, అక్కడికక్కడే చిన్న మిషనులో కత్తిరించి బ్లీచింగు నీళ్ళలో వెయ్యాలని, నెత్తురంటిన దూదికి పసుపు సంచి, ప్లాస్టిక్కుకి ఎర్ర సంచి అని, తప్పు సంచిలో వేస్తే సిస్టరు గారు అందరి ముందూ నిలబెట్టి చివాట్లు పెడతారని ఎంతో సరదాగా రాశావు. ఇంటికొచ్చాక మన చెత్తబుట్టలకి కూడా రంగులేస్తానన్నావు. అక్కడ మీ అమ్మ నవ్వుతుందనుకున్నాను. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఏడుపు తగ్గాక, "ఇంక దానికి చెప్పెయ్యండి" అంది. ఫోనులో చెప్పే మాటలు కావివి. ఆ ఫోను మీ వార్డెను గారి గదిలో ఉంటుంది, నువ్వు ఏడవడానిక్కూడా వీలుండదు. అందుకని రాస్తున్నాను. కూర్చుని చదువు తల్లీ.

డాక్టరు చంద్రరావు గారి నర్సింగు హోము వెనక గోడని ఆనుకుని మన చేను ఉంది కదా. ఆ నర్సింగు హోములో చెత్తంతా ఇదివరకు కాలవగట్టు మీద పోసి తగలబెట్టేవారు. ఆ పొగకి ఆ దారిన ముక్కు మూసుకుని పోయేవాళ్ళం. కిందటేడు ఎవరో ఆఫీసర్లు వచ్చి అలా చెయ్యకూడదు, గుంట తవ్వి పూడ్చాలి అని చెప్పి వెళ్ళారట. డాక్టరు గారు వేసవిలో కాంపౌండు మూలన లోతుగా తవ్వించి, సిమెంటు వరలు దింపించి, పైన రేకు మూత వేయించారు. చూసినవాళ్ళందరం మంచి పని జరిగిందనుకున్నాం. మన నేల ఎలాంటిదో మాకు గాని ఆయనకి గాని ఆ వేళ గుర్తు రాలేదు. కాలవలకి నీళ్ళు వదిలి, వానలు పట్టుకున్నాక ఇక్కడ నాలుగడుగులు తవ్వితే ఊట తన్నుకొస్తుంది. జూలై చివర్లో ముసురు పట్టింది చూడు, అప్పుడు ఆ గుంట నిండి మూత లేచిపోయింది. లోపల ఉన్నదంతా గోడ కింద తూములోంచి మన చేలోకి దిగిపోయింది. నర్సింగు హోములో ఎవరూ చూసుకోలేదు. మాకూ తెలియదు.

ముసురు వెలిసిన పొద్దున్నే ఊడ్పులు పెట్టుకున్నాం. రూతు ముఠా వచ్చింది. పేటలో ఉండే చిట్టియ్య భార్య రూతు, మన చేలకి ఏటా ఊడ్పులు ఆవిడ ముఠాయే కదా. మీ అమ్మ గట్టు మీద నిలబడి పని చేయించే మనిషి కాదు గనక కూలీలతో పాటే దిగింది. నేను నారుకట్టలు మోసుకుంటూ గట్టు వెంట వస్తున్నాను. చేలో గోడ దగ్గరగా తెల్లతెల్లగా కనిపిస్తుంటే కొంగలు వాలాయనుకున్నాను. దగ్గరికొచ్చినా లేవవేమిటా అని చూస్తే, దూది. నీళ్ళలో నానిపోయి ఉబ్బిన దూది ఉండలు, కట్టు గుడ్డలు, వాటి మధ్య గ్లూకోజు సీసాలు. ఆడవాళ్ళు వంచిన నడుం ఎత్తకుండా వెనక్కి వెనక్కి నాటుకుంటూ అటే వస్తున్నారు. వాళ్ళకి అటు వీపు. నేను కేకెయ్యబోయే లోపలే మీ అమ్మ "అబ్బా" అంటూ కాలెత్తింది.

"ముల్లేమోనే రూతూ, చూడు" అంది.

రూతు వచ్చి మీ అమ్మ పాదాన్ని తన మోకాలి మీద పెట్టుకుని బురద కడిగింది. మడమ పక్కన సిరంజి వేలాడుతోంది. సూది మొత్తం లోపల ఉంది.

"కదలకండి దుర్గమ్మ గారూ" అని రూతు దాన్ని పీకేసింది. పీకి దాన్ని కళ్ళ దగ్గర పెట్టుకుని చూసింది. తర్వాత ముఠా వైపు తిరిగి, "ఎవరూ కాలు కదపొద్దే! ఉన్నచోటే నిలబడండి!" అని అరిచింది. ఆవిడ గొంతు అలా వినడం నాకదే మొదలు.

ఆడవాళ్ళంతా నారు చేతుల్లో పట్టుకుని బొమ్మల్లా నిలబడిపోయారు. రూతు వంగి, రెండు చేతులతో బురద తడుముకుంటూ ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళింది. తడిమిన చోటే కాలు వెయ్యమని, ఒక్కొక్కరినే గట్టెక్కించింది. దొరికిన సూదులు గట్టు మీద ఒక పక్కన పెట్టింది. అందరూ ఎక్కాక చివరికి తను ఎక్కింది. నేను మీ అమ్మని పట్టుకుని గట్టు మీద కూర్చున్నాను తప్ప దిగలేదు.

డాక్టరు గారు కబురందగానే చెప్పులు కూడా లేకుండా పరిగెత్తుకొచ్చారు. నేను ఆయన్ని నోటికొచ్చినట్టు అన్నాను. మీ అమ్మని లోపలికి తీసుకెళ్ళి, కుళాయి కింద సబ్బుతో కాలు ఆయనే చాలాసేపు కడిగారు. ధనుర్వాతం ఇంజక్షను చేశారు. కామెర్ల జబ్బు రాకుండా టీకా మొదలుపెట్టారు. తర్వాత ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నారు.

మీ అమ్మ అడిగింది. "డాక్టరు గారూ, ఆ జబ్బున్నవాళ్ళు మీ దగ్గరికొస్తారాండీ?"

ఏ జబ్బో పేరు పెట్టలేదు. ఆ పెద్ద జబ్బుకి పేరు పెట్టాల్సిన పని ఈ జిల్లాల్లో ఎవరికీ లేదు కదమ్మా.

"వస్తారమ్మా" అన్నారాయన. "కొందరికి ఉన్నట్టు వాళ్ళకే తెలీదు. కానీ ఇది నీళ్ళలో నానిన పాత సూది. ప్రమాదం చాలా తక్కువ. ఇప్పుడొకసారి, మూడు నెలలాగి మరోసారి రక్తం పరీక్ష చేయిద్దాం. భయపడకండి."

"తక్కువంటే ఎంతండీ?"

"చాలా తక్కువమ్మా."

"లేదని చెప్పరేంటండీ?"

ఆయన తల వంచుకున్నారు. ఆయన ఇంత లోకువగా కనబడటం నేనెప్పుడూ చూడలేదు. తిట్టాలన్న కోపం అక్కడితో పోయింది. దాని బదులు భయం వచ్చి కూర్చుంది. ఇప్పటిదాకా లేవలేదు.

మొదటి పరీక్షలో ఏమీ లేదని వచ్చింది. అది లెక్కలోకి రాదట, ఒకవేళ ఒంట్లోకి దిగినా అప్పుడే కనబడదట. కాబట్టి మూడు నెలలూ ఆగాలి. ఈ ఆగడం ఎలాంటిదో నీకెలా చెప్పను? ఇంటికొచ్చిన సాయంత్రమే మీ అమ్మ తన కంచం, గ్లాసు విడిగా పెట్టేసుకుంది. పక్క వసారాలోకి మార్చుకుంది. మామ్మకి తల దువ్వడం మానేసింది. కూర తరుగుతుంటే వేలు తెగితే పరిగెత్తుకెళ్ళి పెరట్లో మట్టిలో చెయ్యి దూర్చి కూర్చుంది, ఆ నెత్తురు ఎవరూ చూడకూడదన్నట్టు. డాక్టరు గారు ఒకటికి పదిసార్లు చెప్పారు, ఒక కంచంలో తింటే రాదని, ముట్టుకుంటే రాదని. వింటుంది, తలూపుతుంది, ఇంటికొచ్చి మళ్ళీ అదే. మామ్మకి మేం చెప్పలేదు. "కోడలు ఏ దేవుడికి మొక్కుకుందిరా, ఇంత మడి పాటిస్తోంది?" అని అడిగింది. పిఠాపురం అమ్మవారికి అని అబద్ధం చెప్పాను.

వినాయకచవితి వెళ్ళాక మీ అమ్మకి జ్వరం తగిలింది. ఊరంతా జ్వరాలే అప్పుడు. కానీ మన ఇంట్లో అది ఊరి జ్వరంలా లేదు. నేను నుదురు ముట్టుకోబోతే గోడకి జరిగిపోయి, "ముట్టుకోకండి, మీకు దండం పెడతాను" అంది. "నీ పిచ్చిగాని ఇది వైరలు జ్వరమే" అని పైకి అన్నాను. లోపల నాకు మాత్రం ఏం తెలుసు? పెరట్లోకి వెళ్ళి గేదె పక్కన నిలబడ్డాను, కాసేపటిదాకా ఇంట్లోకి రాలేకపోయాను. జ్వరం తగ్గింది. తగ్గాక కూడా రోజూ అద్దంలో నాలిక చూసుకునేది. చేతుల మీద దోమ కుట్టిన దద్దుర్లు కూడా నాకు చూపించి, "ఇది అదేనాండీ?" అని అడిగేది.

దసరాకి నిన్ను రావద్దన్నది మీ అమ్మే. "వస్తే నా పక్కలో పడుకుంటుంది. నా కంచంలో చెయ్యి పెడుతుంది. వద్దంటే ఎందుకంటుంది. ఏం చెప్పమంటారు?" అంది. అందుకని ఇంటికి సున్నాలు వేయిస్తున్నామని నీకు అబద్ధం చెప్పాను. ఫోను దగ్గరికి రాకపోవడం కూడా అందుకే. నీ గొంతు వింటే తన గొంతు ఆగదని. నీ మీద కోపం లేదమ్మా. నీ పేరు ఎత్తకుండా ఒక పూట గడవలేదు.

నా సంగతి కూడా చెప్పెయ్యాలి. ఊహ తెలిసినప్పటి నుంచి ఉత్త కాళ్ళతో దిగిన చేలోకి ఇప్పుడు దిగలేకపోతున్నాను. డాక్టరు గారు పనివాళ్ళకి రబ్బరు బూట్లు తొడిగించి, ఆయనా వాళ్ళతో దిగి, ఆ చేనంతా వెతికించారు. గుంట ఖాళీ చేయించి సిమెంటుతో మూసేశారు. ఇప్పుడు నువ్వు రాసిన రంగు సంచులే అక్కడా వచ్చాయి. సూదులు కత్తిరించి గట్టి డబ్బాలో వేసి, సంచులన్నీ తాళం వేసిన గదిలో పెడుతున్నారు. రాజమండ్రి వైపు నుంచి వచ్చే బండి వాటిని పట్టుకుపోతోంది. అంతా అయ్యాక కూడా ఆ బురద ఇంకా ఏం దాచుకుందో అన్న బెంగ పోలేదు. గోడ పక్కన సగం చేను నాటకుండానే వదిలేశాం. అక్కడ తుంగ మొలిచింది. మిగతా చేలల్లో కూడా నేను కలుపుకి బూట్లేసుకుని దిగాను. చూసినవాళ్ళు నవ్వారు. బూట్లు విప్పి బోదె కాలవ దాటుతుంటే ఒక పుల్ల గుచ్చుకుని, అక్కడే కూలబడిపోయాను.

పక్క చేను పల్లంరాజు గారు కేసు పెట్టమన్నారు. "నా పేరు కోర్టులో చదువుతారా? రేపు సాయిదుర్గ పెళ్ళికి ఊరంతా ఏమంటారు?" అని మీ అమ్మ ఒప్పుకోలేదు. నేనూ గట్టిగా అనలేకపోయాను.

రేపు పొద్దున్నే రాజమండ్రి వెళ్తున్నాం. ఆఖరి పరీక్ష. ఫలితం సాయంత్రానికే ఇచ్చేస్తారట. మీ అమ్మ ఇవాళ సోమవారం ఉపవాసం ఉండి, దీపం పెట్టుకుని అరుగు మీద కూర్చుంది. నన్ను ఒక మాట అడిగింది. "ఉంటే గనక సాయిదుర్గకి నేను పోయాకే చెప్పండి" అంది. సరేనన్నాను. అంటూనే లోపలికొచ్చి ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఇక్కడ ఆపుతాను.

శనివారం

ముందు ఈ ముక్క చదువు. మీ అమ్మకి ఏమీ లేదు. పెద్ద జబ్బు లేదు, కామెర్ల జబ్బు లేదు. కాగితం నా కళ్ళతో చూశాను, చంద్రరావు గారు కూడా చూశారు. ఇంక నీకు ఆ భయం అక్కర్లేదు.

ఇది రాయడానికి మంగళవారం నుంచి శనివారం దాకా ఎందుకు పట్టిందో చెబుతాను.

మంగళవారం పొద్దున్న బస్సుకోసం రోడ్డు మీద నిలబడ్డాం. రూతు ఒక్కతే ఉతికిన చీర కట్టుకుని, సంచి పట్టుకుని వచ్చింది. ఏ చుట్టాలింటికో అనుకున్నాను. దగ్గరికొచ్చి, నన్ను చూడకుండా మీ అమ్మతో అంది.

"దుర్గమ్మ గారూ, రాజమండ్రి ఆ పరీక్షకేనాండీ? నన్ను కూడా తీసుకెళ్ళండి."

"నీకెందుకే?" అంది మీ అమ్మ.

రూతు కుడి చెయ్యి చాపింది. చూపుడు వేలు మీద ఇప్పుడు గుర్తు కూడా లేదు. "ఆ రోజు తడుముతుంటే దిగిందండి. ఒకటి కాదు."

మీ అమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని అలాగే నిలబడిపోయింది. బస్సొచ్చింది. ఎక్కించాను. బ్రిడ్జి మీద బస్సు మెల్లగా పోతుంటే, నా వెనక సీట్లో వాళ్ళిద్దరూ గొంతు తగ్గించి మాట్లాడుకున్నదంతా నాకు వినబడుతూనే ఉంది.

"ఆ రోజే ఎందుకు చెప్పలేదే? డాక్టరు గారు నీకూ టీకా వేసేవారు కదా."

"చెబితే నన్నింకెవరు పిలుస్తారండీ ఊడ్పులకి? నాతో పాటు మా ముఠా మొత్తం పోద్ది. పైగా మా అమ్మాయి ఆశాజ్యోతికి అప్పటికి ఏడో నెల. అత్తారికి తెలిస్తే దాన్ని పురిటికి పంపుతారాండీ మా ఇంటికి?"

"మరి చిట్టియ్యకి?"

"చెప్పలేదండి. పక్క మార్చేశాను. నడుం నెప్పని చెప్పాను."

మీ అమ్మ తను కంచం, గ్లాసు వేరు పెట్టుకున్న సంగతి చెప్పింది. రూతు మామూలుగానే అంది. "వేరే గ్లాసు మాకు కొత్తేంటి లెండి. మీకు కష్టమై ఉంటది."

నేను కిటికీలోంచి గోదావరి వైపు చూస్తూ కూర్చున్నాను. ఏటా మన పెరట్లో రూతు ఏ గ్లాసులో మజ్జిగ తాగుతుందో నాకు తెలుసు. అది ఎక్కడ బోర్లించి ఉంటుందో కూడా తెలుసు.

రక్తం ఇచ్చి రోజంతా ఆ లాబ్ బయట బల్ల మీద కూర్చున్నాం. నేను ఇడ్లీ తెచ్చినా ఇద్దరూ ముట్టలేదు. రూతు పెదవులు కదుపుతూ ప్రార్థన చేసుకుంటోంది. మీ అమ్మ లోపల ఏమనుకుంటోందో గాని రూతు చెయ్యి మాత్రం వదల్లేదు. పిలిచినప్పుడు మీ అమ్మే వెళ్ళి రెండు కవర్లూ తెచ్చింది. లాబ్ అబ్బాయి వివరం చెప్పాడు. మీ అమ్మకి రెండూ లేవు. రూతుకి పెద్ద జబ్బు లేదు. కామెర్ల జబ్బుది మాత్రం ఉన్నట్టు వచ్చింది.

తిరిగొచ్చే దారిలో తిన్నగా చంద్రరావు గారి దగ్గరికే వెళ్ళాం. ఆయన కాగితం చూసి కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టారు. ఆ సూది వల్లే వచ్చిందని గట్టిగా చెప్పలేమన్నారు, కాదని కూడా చెప్పలేమన్నారు. పెద్దవాళ్ళలో చాలామందికి కొన్ని నెలల్లో దానంతటదే పోతుందట. పోకపోతే కాలేయానికి ప్రమాదమట. సంక్రాంతి వెళ్ళాక మళ్ళీ పరీక్ష చేయించాలి, తర్వాత కాకినాడలో పెద్ద డాక్టరుకి చూపించాలి, అదంతా తన పూచీ అన్నారు. చిట్టియ్యకీ ఇంట్లోవాళ్ళకీ పరీక్ష చేసి టీకాలు వేస్తానన్నారు, పసిపిల్లని ఎత్తుకున్నా ఏమీ కాదన్నారు. "ఆ రోజు ఆడవాళ్ళందర్నీ వరసగా నిలబెట్టి చేతులు చూడాల్సింది నేను. చూడలేదు" అన్నారు. రూతు వింటూ కూర్చుంది.

అయితే అసలు కష్టం ఆ కాగితంలో లేదు, వాళ్ళ ఇంట్లో ఉంది. ఆశాజ్యోతి దసరా రోజుల్లో ప్రసవించింది. ఆడపిల్ల. పిల్లని పేటలో ఇంటికి తెచ్చిన రోజు నుంచి రూతు ఆ పిల్లని ఎత్తుకోలేదట. స్నానం చిట్టియ్య చెల్లెలొచ్చి పోస్తోంది. పిల్ల ఏడిస్తే రూతు బయటికెళ్ళిపోతుంది. ఆడపిల్ల పుట్టిందని రూతుకి ఇష్టం లేదని అల్లుడి తరపు వాళ్ళు అనేశారు. ఆశాజ్యోతి కూడా అదే అనుకుంటోంది. తల్లితో మాట్లాడటం మానేసింది. ఇన్ని మాటలు పడుతూ కూడా రూతు నోరు విప్పలేదు.

గురువారం మీ అమ్మ నన్ను వెంటబెట్టుకుని పేటకి వెళ్ళింది. ముందు ఆశాజ్యోతిని పక్కన కూర్చోబెట్టుకుని సంగతంతా చెప్పింది. చేలో తను కాలెత్తిన దగ్గర నుంచి. రూతు గుమ్మం బయట నిలబడి ఉంది. ఆశాజ్యోతి విని విని, "అమ్మా, నాతో చెప్పొచ్చు కదే" అని ఏడ్చింది. చిట్టియ్య మంచం కోడు పట్టుకుని నిలబడిపోయాడు. మీ అమ్మ పసిపిల్లని గుడ్డలతో సహా ఎత్తుకుని గుమ్మం దగ్గరికెళ్ళి, "ఇదిగో, పట్టుకో రూతూ. డాక్టరు గారు ఎత్తుకోవచ్చని చెప్పారు కదా" అంది.

రూతు రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకుంది. వెనక్కి వెనక్కి జరిగి గోడకి ఆనుకుంది.

"డాక్టరు గారు గుంట తవ్విన రోజు కూడా పర్వాలేదనే అన్నారండి" అంది.

పిల్ల మీ అమ్మ చేతుల్లో ఏడుస్తోంది. రూతు కళ్ళు దాని మీదే ఉన్నాయి, చేతులు మాత్రం వెనకే ఉన్నాయి. బురదలో ఎవరికీ గుచ్చుకోకూడదని ముందు పెట్టిన చేతులే తల్లీ అవి. ఆశాజ్యోతి బతిమాలింది, చిట్టియ్య బతిమాలాడు. మేం వచ్చేస్తుంటే రూతు వాకిట్లోకి వచ్చి నాతో అంది.

"సత్యనారాయణ గారూ, సాయిదుర్గమ్మ ఆసుపత్రి చదువే కదండీ చదువుతోంది. ఆ అమ్మాయి పుస్తకంలో ఏముందో చూసి రాయమనండి. నా మనవరాల్ని నేను ఎత్తుకోవచ్చో లేదో. సాయిదుర్గమ్మ రాస్తే నమ్ముతాను."

అమ్మా, నువ్వు ఆ టీకా మూడు సార్లూ వేయించుకున్నావో లేదో రాయి. వేయించుకోకపోతే రేపే వేయించుకో. వార్డులో చేతికి తొడుగు లేకుండా ఏదీ ముట్టుకోకు. నువ్వు రోజూ సూదుల మధ్య తిరుగుతున్నావని తలుచుకుంటే నాకు ముద్ద దిగడం లేదు. నిన్ను ఆ చదువు మానిపించెయ్యమని మొన్నటిదాకా మీ అమ్మ పోరు పెట్టింది. గురువారం పేట నుంచి వచ్చాక ఆ మాట ఎత్తలేదు. ఇవన్నీ తర్వాత రాసినా పర్వాలేదు.

ముందు రూతు అడిగినదానికి రాయి. నీ పుస్తకంలో చూడు, మీ సిస్టరు గారిని కూడా అడుగు, పసిపిల్లకి కూడా ఆ టీకా వెయ్యాలేమో అడుగు. సరిగ్గా తెలుసుకుని విడిగా ఒక కాగితం మీద రాయి. రూతు రాత్రిబడిలో చదువుకుంది, కూడబలుక్కుని చదవగలదు. పెద్ద అక్షరాలతో రాయి. నేను చదివి వినిపించకుండా ఆ కాగితం తన చేతికే ఇస్తాను. ఆలస్యం చెయ్యకు తల్లీ, ఆ పిల్ల రోజు రోజుకీ పెరిగిపోతోంది.

ఇట్లు,
మీ నాన్న
వీరవెంకటసత్యనారాయణ